గళ్ళ తెర

మా బట్టలు కుట్టే కొట్టుకు ఎవరొచ్చినా ముందు అడిగేది, "చిన్నామె లేదా?" అనే. నేను ఎదురుగా మేకులా కూర్చునే ఉంటాను. చిన్నామె అంటే నా తోడికోడలు. దాని చేతి కుట్టంటే జనానికి పిచ్చి. ఆ పిచ్చి చూస్తే నాకు ఒళ్ళు మంట.

అలాంటిదానికి ఎడమ కంటికి తిన్నటి గీతలన్నీ వంకరగా కనబడసాగాయి. కంటి వెనక రెటీనాలో వాపట. డాక్టరమ్మ వాపు తగ్గించే చుక్కల మందు రాసింది. "తగ్గుతుంది, కానీ ఒక్క పూట కూడా మానొద్దు," అంది. నేను పైకి అయ్యో అన్నాను, లోపల హమ్మయ్య అనుకున్నాను. పెళ్ళి గౌనొకటి ఒప్పుకుని ఉన్నాం మరి. చిన్నామే కుట్టాలని పెళ్ళికూతురి పట్టు. దాని కన్ను బాగుపడకపోతే ఆ గౌను నాది.

చుక్కలు మాత్రం నేనే వేసేదాన్ని, పూట తప్పకుండా. దాని కంట్లో మందు పోస్తూ, నా కళ్ళలో నిప్పులు పోసుకుంటూ.

చూపు సరిచూసుకోమని డాక్టరమ్మ ఇచ్చిన గళ్ళ కాగితం ఇస్త్రీపెట్టె కింద పడి మాడిపోయింది. "మన గళ్ళ తెర లేదూ, దాన్నే చూడు," అన్నాను. బట్టలు వేసి చూసుకునే గదికి రెండు ముక్కలు అతికి నేను కుట్టిన తెర అది. చిన్నామె రోజూ కుడికన్ను మూసుకుని దాని ముందు నిలబడేది.

"మధ్యలో ఇంకా వంకరేనక్కా."

"పాపం! గౌను నేను మొదలుపెడతాలే," అని గుడ్డ నా బల్ల మీదికి లాక్కున్నాను. కత్తిరించేలోపే మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజొచ్చింది.

డాక్టరమ్మ కన్ను ఫొటో తీసి, "వాపు పూర్తిగా పోయిందమ్మా," అంది. కొత్త గళ్ళ కాగితం చూపిస్తే, "అన్నీ తిన్నగానే ఉన్నాయే!" అని చిన్నామె తెల్లబోయింది.

కొట్టు తాళం తీయగానే తెర ముందుకు వెళ్ళాను. కుడికన్ను మూశాను. వంకర. ఎడమది మూశాను. వంకర. రెండూ తెరిచాను. అతుకు దగ్గర ఈ ముక్క గళ్ళు ఒక దారి, ఆ ముక్క గళ్ళు ఒక దారి.

"నీకూ వంకరగా కనిపిస్తోందా అక్కా?" వెనకనుంచి చిన్నామె కంగారు. "అయ్యో, నీ కళ్ళూ చూపిద్దాం పద!"

వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు. అందుకే ఇంకా మండింది.

"నా కళ్ళకేం రోగం లేదు. వంకర నా కుట్టుది. గౌను నువ్వే కుట్టుకో."

చిన్నామె అతుకు మీద వేలు పెట్టి చూసింది.

"నువ్వే కుట్టక్కా," అంది మెల్లగా. "గౌనుది గళ్ళ గుడ్డ కాదుగా."

గుడ్డ తీసి దాని మిషను మీద పడేశాను. ఓదార్చడం కూడా నాకన్నా దానికే బాగా వచ్చు, మాయదారిది.