గోధుమరంగు శబ్దం

మా బావ శబ్దాన్ని నమ్మినంతగా మనుషుల్ని నమ్మడు. పాటలు రికార్డు చేసి, ఒక్కో వాయిద్యాన్నీ తగిన పాళ్లలో కలుపుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి మా చిన్న ఆఫీసులో తయారవుతుంది. అందులో వినిపించేదంతా, గొంతు వెనక మోగే ప్రతిధ్వనితో సహా, బావ రాసిన కోడే. ఆ ఆఫీసుకి నేను యజమానిని. అంటే ఫోన్లెత్తేదీ, కాఫీ మిషన్ మొరాయిస్తే దాని నెత్తిన రెండు మొట్టేదీ నేనే. బావ నా చెల్లెలి మొగుడు. నేను అతన్ని బావా అంటాను, అతనూ నన్ను బావా అంటాడు. కింద ఆఫీసు, పైన వాళ్ల కాపురం. అందువల్ల ఆఫీసులో రాజుకున్న గొడవ మెట్లెక్కి ఇంటికి పోతుంది, ఇంట్లో రాజుకున్నది మెట్లు దిగి ఆఫీసుకొస్తుంది. మధ్యలో మెట్ల మీద దొరికిపోయేవాణ్ణి నేను.

అప్పట్లో మా సాఫ్ట్‌వేర్ మొహం బూడిదరంగులో ఉండేది. తెర నిండా అంకెలు, చీమ తలకాయంత అక్షరాలు. డ్రమ్ము మోత కాస్త పెంచాలంటే ఓ చిన్న గడి వెతికి పట్టుకుని, అందులో దశాంశ బిందువుతో సహా అంకె కొట్టాలి. దాన్ని చూసి బావ మురిసిపోయేవాడు.

"ఇదేంటి బావా, పన్ను లెక్కలు వేసుకునే కాగితంలా ఉంది?" అంటే, "ఇది వినే వస్తువు బావా, చూసేది కాదు," అనేవాడు.

ఫోన్లు మాత్రం ఆగేవి కావు. "శబ్దం పల్చగా ఉందండీ" అని ఒకరు, "పాట ఎండిపోయినట్టుంది" అని ఇంకొకరు. ఫోను వచ్చినప్పుడల్లా బావ కొలత పరికరాలు ముందేసుకుని కూర్చునేవాడు. ఎంత వెతికినా తప్పు దొరికేది కాదు. చివరికి వినేవాళ్ల చెవుల్లోనే తప్పుందని తేల్చేవాడు.

ఇక లాభం లేదని చెల్లెల్ని పిలిచాను. అంతకుముందు తను లిఫ్టుల్లోనూ వాషింగ్ మిషన్ల మీదా ఉండే బటన్లు, తెరలు గీసే కంపెనీలో పని చేసేది. ఈ సంగతి వినగానే బావ మూతి మూడు వంకర్లు తిరిగింది.

"నా ప్రతిధ్వనిని నానబెట్టి, పిండి, ఆరేస్తుందా?" అన్నాడు.

"ముందు ఉతకనివ్వు. ఎంత మురికుందో తర్వాత చెప్తా," అంది చెల్లెలు.

తను బొమ్మ గీయడానికి కూర్చోలేదు. మా సాఫ్ట్‌వేర్ వాడే ఒక సంగీత దర్శకుడి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆయన ప్రకటనలకీ నాటకాలకీ బాణీలు కడతాడు. ఆయన దగ్గర ఎవరూ ఏమీ నేర్చుకున్న దాఖలా లేకపోయినా అందరూ గురువుగారూ అనే పిలుస్తారు. ఆయన గది గోడలకి నురుగు పలకలు, కిటికీకి రెండు పొరల పరదాలు. కంప్యూటర్ తెర మీద మాత్రం ఎర్రవీ ఆకుపచ్చవీ చుక్కలు.

"ఇవేంటండీ?" అంది చెల్లెలు.

"మా ఆవిడ గోళ్ల రంగమ్మా. ఎర్ర చుక్క దగ్గర నొక్కితే గొంతు ఆగుతుంది, ఆకుపచ్చ దగ్గర నొక్కితే డ్రమ్ములు. లేకపోతే ఆ బూడిదలో ఏది ఎక్కడుందో ఎవడికి తెలుసు? మొన్న మా ఆవిడ తెర తుడుస్తూ సగం చుక్కలు చెరిపేసింది. రెండు రోజులు పని లేదు, మాటలూ లేవు."

చెల్లెలు ఆయన వెనక కుర్చీ వేసుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఆయన పాట పెడతాడు, తల ఊపుతాడు, ఏదో సరిచేయాలనిపించగానే పాట ఆపేస్తాడు. ముక్కు తెరకి ఆనించి అంకె వెతుకుతాడు. దొరికేసరికి ఏం సరిచేయాలనుకున్నాడో మర్చిపోతాడు. మళ్లీ మొదటినుంచి పాట.

"ఈయన వినడానికి టైమెక్కడ దొరుకుతోంది అన్నయ్యా?" అంది తిరిగొస్తూ.

ఆ తర్వాత కొన్ని నెలలు పట్టుబట్టి కొత్త మొహం గీసింది. పాతకాలపు రేడియో పెట్టెలాంటి ముదురు గోధుమరంగు. వేళ్లతో పట్టుకుని తిప్పాలనిపించే గుండ్రటి నాబ్‌లు. పాట జోరుకి ఊగే ముల్లున్న మీటర్లు. అంకెలన్నీ దాచేసింది, వేలు పెట్టినప్పుడే బయటికొస్తాయి. గురువుగారు కావాలన్నవి ఒకటి రెండు కొత్తవి కూడా చేర్చింది. వాటి వెనక కోడ్ రాయాల్సింది బావ. "సరే సరే, చూస్తాలే," అన్నాడు, పుల్ల విరిచినట్టు.

ముందుగా ఒక కాపీ గురువుగారికి పంపాం. మొహం కొత్తది, లోపల శబ్దం పాతదే. బావ అందులో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు.

మర్నాడే ఫోను మోగింది. అందరికీ వినపడేలా స్పీకరులో పెట్టాను.

"బాబూ! ఏం చేశావయ్యా!" గురువుగారి గొంతుకి బల్ల అదిరింది. "బేస్ ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు కూర్చుంది. గొంతైతే నా చెవి పక్కనే పాడుతోంది. ఆ ప్రతిధ్వని ఉంది చూడూ, అబ్బబ్బా!"

"నేనేం చెయ్యలేదండీ," అన్నాడు బావ.

"అదే నీ గొప్పతనం. చెప్పుకోవు!"

బావ మొహం గాలి తీసిన ట్యూబులా అయిపోయింది.

"ఆ ప్రతిధ్వని మీద రెండేళ్లు కూర్చున్నా బావా," అన్నాడు ఫోను పెట్టేశాక. "బాగుందని ఒక్కడు అనలేదు. ఇప్పుడు రంగు పూసేసరికి అబ్బబ్బా అంటున్నాడు."

"పొగిడింది నీ శబ్దాన్నేగా? సంతోషించొచ్చుగా," అంది చెల్లెలు.

"నా శబ్దాన్ని కాదు. నీ గోధుమరంగుని."

ఊరుకుంటే బాగుండేది. కానీ బావకి పట్టుదల ఎక్కువ. అందరూ కళ్లతో వింటున్నారని నిరూపిస్తానని ఆఫీసులో ఒక పరీక్ష పెట్టాడు. గురువుగారినీ, ఆయన దగ్గర వాయించే డ్రమ్మరునీ, ఒక గాయనినీ పిలిచాడు. పక్కపక్కన రెండు కంప్యూటర్లు. ఒకదాంట్లో బూడిద, ఒకదాంట్లో గోధుమ. పాట ఒకటే.

ముగ్గురూ గోధుమకే ఓటేశారు. "మొదటిదాంట్లో నాకు జలుబు చేసినట్టుందండీ," అంది గాయని. "రెండోదాంట్లో తగ్గిపోయింది."

బావ లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "రెంటిలోనూ శబ్దం ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు."

డ్రమ్మరు తన బూట్ల వంక చూసుకున్నాడు. గాయని దగ్గింది. గురువుగారు మాత్రం ఏమాత్రం సిగ్గుపడలేదు.

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు వినపడలేదయ్యా?"

"మీరు కళ్లతో వింటారు కాబట్టి."

"నీ బూడిదలో నేను లెక్కలు చేసుకుంటూ కూర్చున్నా బాబూ. లెక్కల పరీక్ష రాస్తూ పాట వింటే పాట ఎండిపోదా?"

"అయితే కళ్లు మూసుకుని వినండి," అన్నాడు బావ. ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. ఏది ఏ కంప్యూటరో చెప్పలేక తమలో తామే పోట్లాడుకున్నారు. బావ విజయగర్వంతో నావైపు చూశాడు. నేను చెల్లెలి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాను.

చెల్లెలు అతన్ని మామూలుగా నువ్వు అంటుంది. కోపం వస్తేనే మీరు అంటుంది.

"మీకిప్పుడు తృప్తిగా ఉందాండీ?" అంది. "ఇంటికి పిలిచి మరీ ముగ్గురి పరువూ తీశారు. విడుదలకి నమూనా పాట కావాలిగా, అది మీరే మిక్స్ చెయ్యండి. మీ బూడిదలోనే చేసుకోండి."

"గోధుమలోనే చేస్తా. తప్పులన్నీ ఏరి చేతిలో పెడతా," అన్నాడు బావ.

మర్నాడు మధ్యాహ్నం కూర్చున్నాడు. నేను టీ తాగుతూ పక్కనే చేరాను. చెల్లెలు అవతలి బల్ల దగ్గర తన పని చేసుకుంటోంది. మొదట్లో బావ ప్రతి నాబ్‌నీ పెళ్లిచూపుల్లో వంకలు వెతికే మేనత్తలా చూశాడు. కాసేపటికి సణుగుడు ఆగింది. ఇంకాసేపటికి కాలు తాళం వెయ్యడం మొదలెట్టింది. పాట మాత్రం ఎక్కడా ఆగలేదు. బావ పాట ఆపకుండా మిక్స్ చెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి.

కుడివైపు మూలన ఉన్న పెద్ద నాబ్ దగ్గరికి వచ్చాడు. పట్టుకుని కాస్త తిప్పాడు. కళ్లు సగం మూతపడ్డాయి.

"ఆ... వచ్చింది," అన్నాడు. వెనక్కి తిప్పాడు. "ఇక్కడ పల్చబడింది చూడు." మళ్లీ ముందుకి. "ఇదిగో, ఇక్కడ! విను బావా. గొంతు రెండడుగులు ముందుకొచ్చి నిలబడింది."

విన్నాను. ఒట్టేసి చెప్తున్నాను, నాకూ వినపడింది. "నిజమే బావా, నిలబడింది," అన్నాను.

"ఒప్పుకుంటున్నా," అన్నాడు బావ, చెల్లెలికి వినపడేలా. "మిగతా వాటి సంగతెలా ఉన్నా ఈ నాబ్ మాత్రం బంగారం. మరీ తిప్పితే ఘాటెక్కుతుంది గానీ, మోతాదులో వాడితే ప్రాణం లేచొస్తుంది."

చెల్లెలు పెదాలు బిగబట్టి లేచి వచ్చింది. "అంత బాగుందా? దాని వెనక ఏం రాశావు?"

"ఏం రాయడమేంటి?"

"గురువుగారు అడిగిన కొత్త నాబ్ అదే. నేను గీశాను. కోడ్ నువ్వు రాస్తానన్నావు."

బావ చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది. నెమ్మదిగా కోడ్ తెరిచాడు. ఆ నాబ్ వెనక ఏమీ లేదు. ఇటు తిప్పినా అటు తిప్పినా శబ్దానికి దాని సంగతే తెలియదు. ఖాళీ జాగాలో బావ తనే రాసిపెట్టుకున్న ఒకే ఒక్క వాక్యం ఉంది: తర్వాత చూద్దాం.

నాకు టీ ముక్కులోంచి వచ్చింది. చెల్లెలు బల్ల కాలు పట్టుకుని కిందికి జారిపోయి, కడుపు చేత్తో నొక్కుకుంటూ నవ్వింది. "ఘాటెక్కిందంటన్నయ్యా! ఘాటు!" అని మళ్లీ నవ్వింది. బావ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు.

మర్నాడు దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. నేనే పైకి వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. పక్కింట్లో ఎవరో గోడకి మేకు కొడుతున్నారు.

"బావా," అన్నాడు, "ఆ మేకు చప్పుడు నిజంగా వస్తోందా?"

"వస్తోంది బావా."

"ఏమో. ఇన్నేళ్లూ నేను విన్నవాటిలో నిజంగా విన్నవెన్నో నాకిప్పుడు తెలియట్లేదు."

హాస్యానికి అన్నాడేమో అనుకున్నాను. మొహం చూస్తే నవ్వు రాలేదు. గుమ్మంలో నిలబడ్డ చెల్లెలి మొహంలోనూ అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. వచ్చి అతని పక్కన చాప మీద కూర్చుంది.

"నువ్వేం విన్నావో నాకు చెప్పు," అంది.

"ఏమీ వినలేదు. అక్కడేమీ లేదుగా."

"లేనిదాన్ని అంత వివరంగా ఎవరు వింటారు? గొంతు ముందుకొచ్చిందన్నావు. వెనక్కి తిప్పితే పల్చబడిందన్నావు. ఎక్కువైతే ఘాటన్నావు. అది ఎలా ఉండాలో నీకు తెలుసు. నాకు అదే కావాలి. చెయ్యి."

బావ లేచి చొక్కా వేసుకుని కిందికి దిగాడు.

ఇక చూడాలి వాళ్లిద్దరినీ. అతను కోడ్ రాస్తుంటే ఆమె పక్కనే కూర్చుని, నాబ్ ఎంత తిప్పితే ఎంత మారాలో చెప్పేది. మొదట్లో కాస్త తిప్పగానే గాయని నోట్లో మైకు పెట్టుకున్నట్టు అరిచేది. "చేతికి ఇంత అనిపిస్తే చెవికీ ఇంతే అనిపించాలి," అనేది చెల్లెలు. ఈ సందులో బావ కూడా ఒకటి పట్టుకున్నాడు. ఆమె ముచ్చటపడి గీసిన మీటరు ముల్లు డ్రమ్ము దెబ్బ పడ్డాక ఒళ్లు విరుచుకుని తీరిగ్గా లేస్తోంది.

"నీ ముల్లు అబద్ధమాడుతోంది," అన్నాడు.

"అలా ఊగితేనే అందం."

"అందంగా అబద్ధమాడుతోంది."

ఆమె మూతి ముడుచుకుంది గానీ, ఆ ముల్లుని సరిచేసింది. సరిచేశాక కూడా అది బాగానే ఊగింది.

నాబ్ పని పూర్తయినా బావకి తన చెవుల మీద నమ్మకం కుదరలేదు. తెరకి వీపు పెట్టి కూర్చున్నాడు. "నువ్వు తిప్పు. తేడా వినపడితే చెయ్యెత్తుతా," అన్నాడు. చెల్లెలు కొంటెది. తిప్పకుండానే మౌసు టకటకలాడించింది. బావ కదల్లేదు. నన్ను దగ్గమని సైగ చేసింది, దగ్గాను. అయినా కదల్లేదు. అప్పుడు చప్పుడు లేకుండా, నిదానంగా, నాబ్‌ని పక్కకి జరిపింది. బావ చెయ్యి దానంతటదే లేచినట్టు పైకి లేచింది. ఆమె వెనక్కి తిప్పింది, చెయ్యి దిగింది. చాలాసేపు వాళ్లలా ఆడుకున్నారు. నాకు అక్కడ పనేమీ లేదని ఆలస్యంగా అర్థమై కాఫీ మిషన్ దగ్గరికి వెళ్లాను.

చెల్లెలు ఆ నాబ్ మీద ఓ తెల్ల గీత గీసి, కింద 'దగ్గర' అని రాసింది. ఆ వారమే విడుదల చేశాం. అందరికంటే ముందు గురువుగారే ఫోను చేశారు. బావే ఎత్తి స్పీకరులో పెట్టాడు.

"బాబూ, ఈసారి శబ్దంలో పెద్ద తేడా ఏం తెలియలేదు గానీ, ఆ మూల నాబ్ మీద తెల్ల గీత గీశారు చూడూ, దాంతో పాటంతా పైకి లేచింది!"

బావ ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచాడు.

"గీత ఆవిడదండీ, ఇస్తానుండండి," అని ఫోను చెల్లెలి చేతిలో పెట్టాడు. ఆమె మాట్లాడుతుండగానే దగ్గరికి వంగి, "అడుగు, గొంతు ఎంత ముందుకొచ్చిందో అడుగు," అన్నాడు.