గుండీలు స్టేషన్లు, హుక్కులు స్టాపులు

నేను ఒక కోరా గుడ్డను. పొడవు రెండున్నర గజాలు, పన్నా గజమున్నర. మిల్లులో నాకు రంగు వేయలేదు, పువ్వులు అద్దలేదు. నాతోపాటు ఒకే తానులో పుట్టినవాటిలో కొన్ని పరుపుల కిందికి పోయాయి, కొన్ని రవికెల లోపల లైనింగులయ్యాయి, కొన్ని మనుషుల్ని ఆఖరిసారి కప్పడానికి పోయాయి. దుకాణం పైఅరలో ఏడాదిపాటు ఉండి నేను గమనించింది ఒకటే. మెరిసే బట్టను మనుషులు పదిసార్లు తడిమి, వెలుతురులోకి తీసుకెళ్ళి చూసి, వద్దనుకుని పోతారు. నన్ను మాత్రం చూడకుండానే చింపించుకుని పోతారు.

భూదేవి చూసి కొన్నది. నేతను వేళ్ళ మధ్య నలిపింది, ఒక పోగు లాగి తెంపింది, మంచిదేనన్నది. దిండ్లకు గలీబులు కుట్టాలని ఆమె ఉద్దేశం. నగరం చివర మొగిలికుంట అనే బస్తీలో ఆమెకు ఒక కుట్టుమిషను, దాని పక్కన ఒక కిటికీ ఉండేవి. ఇరవై రెండేళ్ళుగా ఆ బస్తీ ఆడవాళ్ళ రవికెలన్నీ ఆ కిటికీ వెలుతురులోనే తయారయ్యాయి. భర్త విఠల్ సిటీబస్సు కండక్టరు. మొగిలికుంట నుంచి పెద్దాసుపత్రి దాకా నడిచే నలభై ఏడో నంబరులో పంతొమ్మిదేళ్ళు టికెట్లు కొట్టాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ లోటు గురించి వాళ్ళు మాట్లాడుకోగా నేను వినలేదు.

నన్ను కొన్న నెలలోనే ఆమెకు రెండు మూత్రపిండాలూ పాడయ్యాయని తేలింది. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి పోయి, నాలుగేసి గంటలు పడుకుని, మిషను మీద రక్తం కడిగించుకోవాలి. డయాలిసిస్ అనే ఆ మాట ఆమెకు రెండు రోజుల్లో నోరు తిరిగింది. గలీబుల సంగతి మూలపడి నేను ట్రంకుపెట్టెలోకి చేరాను.

జబ్బుకు భయపడింది గానీ దారికి ఆమె భయపడలేదు. నలభై ఏడు వాళ్ళ గల్లీ చివరే మలుపు తిరిగేది. ఆసుపత్రి గేటు ముందు ఆగేది. డ్రైవర్లందరికీ ఆమె తెలుసు కాబట్టి ముందు సీటు ఆమెకు వదిలేవారు. రక్తం కడిగాక మనిషి పిండిన గుడ్డలాగా అయిపోతుంది. ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయేది. మొగిలికుంట వచ్చాక ఎవరో ఒకరు లేపేవారు.

తరువాత నగరానికి మెట్రో వచ్చింది. అందరితోపాటు భూదేవి కూడా సంతోషించింది. మొదటి ఆదివారమే భర్తతో ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరికి పోయి వచ్చింది. పైనుంచి చూస్తే ఒక డాబా మీద తను కుట్టిన రవికె ఆరేసి కనిపించిందని, భుజం దగ్గర కుట్టు ఇంకా గట్టిగానే ఉందని, వారం రోజులు చెప్పుకుంది.

రెండు నెలలకు నలభై ఏడును తీసేశారు. మెట్రో పోయే దారిలో బస్సు కూడా దేనికన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నలభై ఏడు నడిచే పద్నాలుగు కిలోమీటర్లలో పదకొండు సరిగ్గా మెట్రో కిందే ఉన్నాయి. మిగిలిన మూడూ మొగిలికుంటవి. ఆ మూడు కిలోమీటర్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. విఠల్‌ను నగరం అవతలి రూటుకు మార్చారు.

ఇక భూదేవి ప్రయాణం ఇలా ఉండేది. పెద్దరోడ్డు దాకా నడక, అక్కడ షేర్ ఆటో, స్టేషన్ మెట్లు, రైలు, మళ్ళీ మెట్లు, రోడ్డు దాటి ఆసుపత్రి దాకా మళ్ళీ నడక. లిఫ్టు ఉంది, కానీ రోడ్డుకు అవతలి పక్కన ఉంది. పోయేటప్పుడు ఎలాగో పోయేది. వచ్చేటప్పుడే పిక్కలు పట్టేసేవి. ఒకరోజు స్టేషన్ మెట్ల మీద కూర్చుండిపోయింది. లేవబోతే కళ్ళు తిరిగాయి. గంటసేపు జనం ఆమె పక్కనుంచి దిగిపోయారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. కింద ఏదో బస్సు అందుకోవాలి వాళ్ళు.

ఆ సాయంత్రం ఆమె ట్రంకుపెట్టె తెరిచి నన్ను బయటికి తీసింది. బల్ల మీద పరిచి, సుద్దతో ఒక గీత గీసి, దాని మీద నీలం దారంతో కుట్టడం మొదలుపెట్టింది. విఠల్ వచ్చేసరికి ఒక బెత్తెడు మెట్రో తయారైంది. ఏమిటిదని అడిగాడు.

"నాకు నోటితోటి చెప్పరాదు. కుట్టి చూపిస్త," అన్నది.

నలభై ఏడు మళ్ళీ రాదని, ఆఫీసులో ఆ ఫైలు మూసేశారని అతను నెమ్మదిగా చెప్పాడు. నలభై ఏడును తను అడగడం లేదని ఆమె అన్నది. మెట్రో ఉండనీ, మంచిదే. స్టేషన్ దగ్గర నుంచి చిన్న బస్సు ఒకటి బస్తీలన్నీ చుట్టి మళ్ళీ స్టేషన్‌కే రావాలి. పది నిమిషాలకొకటి రావాలి. మెట్ల కిందే ఆగాలి, రోడ్డుకు అవతల కాదు. రైలు దిగినవాళ్ళు వచ్చేదాకా రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. విఠల్ చొక్కా మార్చుకోకుండానే కూర్చుని, ఏ మలుపులో బస్సు తిరగదో, ఏ బడి దగ్గర ఏ వేళకు జనం ఉంటారో చెప్పడం మొదలుపెట్టాడు. అతను చెప్పేవాడు, ఆమె కుట్టేది. మెట్రోకు నీలం, బస్సులకు ఎరుపు. స్టేషన్లకు చొక్కా గుండీలు. బస్టాపులకు రవికె హుక్కులు. ఆ హుక్కులు ఆమె దగ్గర డబ్బాల కొద్దీ ఉండేవి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే పని మీద వంగి కూర్చున్నది అప్పుడేనేమో.

తరువాత నన్ను సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి కూడా తీసుకుపోయేది. ఆమె ఎడమ చేతికి మిషను గొట్టాలు, కుడి చెయ్యి ఖాళీ. ఒంటి చేత్తో కుట్టు పడదు కదా. పక్క మంచం మీద సైదులు అనే తాపీపనివాడు ఉండేవాడు, ఇరవై ఆరేళ్ళవాడు. అతనిది ఎడమచేతి వాటం కావడంతో గొట్టాలు కుడి చేతికి పెట్టేవారు. ఒకరోజు ఏమీ అడక్కుండానే తన ఎడమ చెయ్యి చాపి నా అంచు పట్టుకుని బిగించాడు. రెండు మంచాల మధ్య నేను తాడు మీద ఆరేసినట్టు నిలిచాను. ఇద్దరు రోగుల రెండు చేతులతో ఒక దర్జీ తయారైంది. ఇక్కడున్న సూదులు చాలవా అని నర్సు కోప్పడింది. మూడో వారానికి ఆమే వచ్చి, తన హాస్టలు ముందు కూడా ఒక హుక్కు కుట్టమని అడిగింది.

అలా అందరూ అడిగారు. స్వీపరు, కాంటీను మనిషి, రోగుల వెంట వచ్చినవాళ్ళు, ప్రతి ఒక్కరికీ బస్సు తమ గుమ్మం ముందే ఆగాలి. మనుషుల సంగతి నాకు తెలిసిందే కాబట్టి ఆశ్చర్యపోలేదు. భూదేవి అందరినీ ఓపికగా విని, ఎక్కడి నుంచి ఎలా వస్తున్నారో, ఎంతసేపు పడుతోందో అడిగి, కొందరికే కుట్టేది. "అందరి గుమ్మం ముందట ఆగితే ఆ బస్సు ఎక్కడికీ పోదు," అనేది.

సైదులుది రాళ్ళగడ్డ, నగరానికి మరో కొస. అక్కడి నుంచి రావాలంటే నడి ఊళ్ళోకి పోయి, దిగి, మారి, మళ్ళీ ఇటు రావాలి. అతని కోసం ఆమె పచ్చ దారంతో ఊరి చుట్టూ ఒక బస్సు కుట్టింది. రాళ్ళగడ్డ నుంచి ఊళ్ళోకి పోకుండానే అన్ని మెట్రో కొసల్నీ కలుపుతూ తిరిగే బస్సు. ఇంత బయట ఎవరెక్కుతారక్కా అని సైదులు అడిగాడు.

"అంచు మడవకపోతే బట్ట పోగులు ఊడిపోతయి తమ్మీ. ఊరైనా గంతే," అన్నది.

ఆ అంచు సగం కూడా పూర్తి కాలేదు. వానాకాలంలో దారి కష్టమై సైదులు వరసగా రెండుసార్లు రాలేదు. మూడోసారి బయలుదేరాడట. రెండు బస్సులు మారి, మూడోదాని కోసం నిలబడి ఉండగా ఊపిరి అందక పడిపోయాడట. ఆసుపత్రికి తెచ్చేసరికి ప్రాణం లేదని నర్సు చెప్పింది. ఆ రోజు భూదేవి నా అంచును మోకాలి కింద నొక్కిపెట్టి ఒంటి చేత్తోనే కుట్టింది. ఏడవలేదు. ఆ కుట్లు ఇప్పటికీ నాలో వంకరగానే ఉన్నాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆమె కుట్టిన నాలుగు చిన్న బస్సుల దారుల్లో మొగిలికుంటదాన్ని మొదట తన గల్లీ మీదుగానే కుట్టుకుంది. తరువాత విఠల్‌ను తోడు తీసుకుని ఆ దారంతా నడిచి చూసింది. ఇటుకబట్టీల వైపు నుంచి గర్భిణీలు, ముసలివాళ్ళు కిలోమీటరున్నర నడిచి రావడం చూసింది. ఇంటికి వచ్చి ఎర్ర దారం విప్పి, బట్టీల వైపు తిప్పి కుట్టింది. దాంతో తన ఇంటికి బస్సు ఆరువందల అడుగులు దూరమైంది.

"నీ కోసమనే కదా ఇది మొదలుపెట్టినవు," అన్నాడు విఠల్. అతని గొంతులో కోపం ఉంది.

"ఆరువందల అడుగులు నేను నడుస్త," అన్నది ఆమె దారం కొరికి.

ఊళ్ళో రాకపోకల గురించి ప్రజల సలహాలు వింటామని ఒక ఆఫీసు ప్రకటన వేసింది. ఇద్దరూ నన్ను మడతపెట్టి తీసుకుపోయారు. మూడు గంటలు కూర్చున్నాక వాసంతి అనే అధికారిణి పిలిచింది. ముప్పై దాటని మనిషి. నన్ను బల్ల మీద పరిపించుకుని, కళ్ళజోడు పైకి తోసి, ఒక్కొక్క హుక్కునూ వేలితో ముట్టుకుంటూ చూసింది. ప్రశ్నలన్నీ సరైనవే అడిగింది. చివరికి ఈ పని తాము ఎప్పుడో చేసి ఉండాల్సిందని తనలో తను అనుకున్నట్టు అన్నది.

"పెద్దపెద్దవి అడుగుతలేను మేడం. రైలు దిగినోళ్ళ కోసం బస్సు రెండు నిమిషాలు ఆగాలె. గంతే."

"ఆగడమే కష్టమమ్మా," అన్నది వాసంతి. "రైలుది ఒక ఆఫీసు, బస్సుది ఇంకో ఆఫీసు. మెట్ల ముందున్న రోడ్డు మూడో ఆఫీసుది."

"ఆ మూడింటి మీదికెల్లి నేను ఒక్కదాన్నే నడిచి రావాలె కద మేడం."

వాసంతి గుడ్డను కొన్నాళ్ళు తన దగ్గర ఉంచమని అడిగింది. పైవాళ్ళకు చూపిస్తానన్నది, చూపించింది కూడా. మీటింగు తరువాత మీటింగులో నన్ను పరిచారు. పెద్దలందరూ మెచ్చుకున్నారు. కుట్టు ఎంత సన్నగా ఉందో అన్నారు, గుండీల ఆలోచన బాగుందన్నారు. ఆ ఎర్ర దారం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో అడిగినవాళ్ళు తక్కువ. చివరికి ఒక పెద్దాయనకు నేను చాలా నచ్చి, అద్దం కట్టించి కొత్త భవనం వరండాలో తగిలించమన్నాడు. 'ప్రజల కల' అని కింద ఒక చీటీ అంటించారు.

నేను గోడ మీద ఉన్నాను, ఆమె మొగిలికుంటలో ఉంది. వారానికి మూడు రోజులు రెండయ్యాయని వాసంతి ఫోనులో ఎవరితోనో చెబుతుంటే విన్నాను. దారి తట్టుకోలేక ఒక రోజు మానుకుంటోందట. వాసంతి గొంతు పెంచి, చిన్న బస్సు ఫైలు ఎక్కడ ఆగిందని అడిగింది. ఫైలు ఎక్కడా ఆగలేదట, వెళుతోందట. చలికాలం మొదట్లో ఒక ఉదయం వాసంతి వరండాలోకి వచ్చి నా ముందు నిలబడింది. చేతిలో ఫోను ఉంది. చాలాసేపు నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, లోపలికి పోయింది. భూదేవి పోయిందని నాకు అలా తెలిసింది. తరువాత వాసంతికి వేరే ఊరు బదిలీ అయింది.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం విఠల్ వచ్చాడు. నౌకరీ నుంచి దిగిపోయినట్టున్నాడు, ఖాకీ లేదు. వాచ్‌మన్ ఖాజాకు తను ఎవరో చెప్పి, ఒకసారి చూసి పోతానన్నాడు. నా ముందు నిలబడి కొంచెం కొంచెంగా తల వంచాడు, ఆ తరువాత పక్కకు తిప్పాడు.

"ఉల్టా పెట్టిన్రు," అన్నాడు.

నిజమే. ఉత్తరం కిందికి, దక్షిణం పైకి ఉండగా ఏడాదికి పైగా నేను తలకిందులుగా వేలాడుతున్నాను. ఇంజనీర్లు, అధికారులు, వచ్చిపోయే అతిథులు రోజూ నన్ను చూసి బాగుందని పోతున్నారు. ఖాజా నవ్వలేదు. స్టూలు తెచ్చాడు. ఇద్దరూ కలిసి నన్ను దింపి, అద్దం తుడిచి, తిప్పి మళ్ళీ తగిలించారు. గుడ్డను ఇంటికి తీసుకుపోతారా అని ఖాజా మెల్లగా అడిగాడు. వద్దన్నాడు విఠల్. ఇంట్లో చూసేవాళ్ళు ఎవరూ లేరన్నాడు.

ఖాజా టీ పోస్తే తాగుతూ, చిన్న బస్సు మొదలైందని విఠల్ చెప్పాడు. నాలుగు నెలలైందట. ఆమె కుట్టిన నాలుగు దారుల్లో ఒకటే. మొగిలికుంటది. ఇటుకబట్టీల మీదుగానే పోతుందట, అచ్చంగా ఎర్ర దారం మీద. కానీ పది నిమిషాలకు కాదు, నలభై నిమిషాలకొకటి. రైలు కోసం ఆగదు. జనం మెట్ల మీద నుంచి ఉరుకుతుంటే ఎదురుగానే కదిలిపోతుంది.

"అమ్మ ఎక్కిందా అందులో?" అని అడిగాడు ఖాజా.

"లేదు. తొమ్మిది నెలలు ముందే పోయింది."

విఠల్ నా దగ్గరికి వచ్చి, వంకర కుట్లున్న చోట అద్దం మీద వేలు పెట్టాడు. పెట్టి కొంతసేపు తీయలేదు. అప్పుడు గోడ గడియారం చూశాడు, కంగారుగా చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. ఇప్పుడు పోకపోతే మళ్ళీ నలభై నిమిషాలు నిలబడాలన్నాడు. మెట్లు దిగుతుండగా బయట రైలు వెళ్ళింది, అద్దం కొద్దిగా వణికింది. అరవై ఏళ్ళ మనిషి పరుగెత్తే చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది. బస్సు అందిందో లేదో నాకు తెలియదు.