నివ్వరి ముడులు

రేపు పొద్దున్నే మడుగులో నివ్వరిని వేళ్లతో సహా పెరికి తగలబెడదామని చెప్పింది చెంచురామయ్యే. పక్క పొలాల రైతులంతా సరేనన్నారు. అయినా ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు. మధ్యాహ్నం నుంచి గట్టు మీద ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతూనే ఉన్నాడు.

పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం, ధనుర్మాసపు మంచు. మొలకొలుకుల వరి పైరుకు అగ్గితెగులు తగిలింది. ఆకుల మీద నూలుకండెల్లాంటి మచ్చలు లేచి, వారం తిరక్కుండా మడంతా కమిలిపోయింది. పక్క మడుగులో ఎవరూ విత్తకుండా మొలిచే అడవి వరి, నివ్వరి, దాని ఆకుల మీదా అవే మచ్చలు. దొంగ దొరికినాడనుకున్నాడు.

మోకాటి లోతు నీళ్లలో కామమ్మ కనిపించింది. చేపలు పట్టేవాళ్ల మనిషి. వల ఖాళీగా వచ్చిన రోజుల్లో ఆ ఇంటికి నివ్వరి గింజే గంజి. ముదిరితే ఇట్టే రాలిపోతుందని, గింజ పాల మీద ఉండగానే దుబ్బుదుబ్బుకూ వెన్నులు చేర్చి ముడేస్తుంది.

"ఏమ్మే కామమ్మా, రేపు పెరికేదానికి ఈరోజు ముడులెందుకు?"

"పెరికేది మీరు, ముడేసేది నేను. ఎవరి పని వాళ్లది గదయ్యా."

"మా పైరు చూసినావా? నీ నివ్వరి అంటించిన రోగమే అది."

"ఇట్టా దిగి చూడండి. పంచె తడుస్తాదని భయమా?"

చెంచురామయ్య పంచె ఎగ్గట్టి దిగినాడు.

"పోయినేడు మచ్చ, గింజ కొనకు ఎర్రమీసం ఉండే ఈ దుబ్బుల మీద పడింది. ఈ ఏడు వీటిని వొదిలి తెల్లమీసం వాటిని పట్టింది. మా అత్త నాటి నుంచీ ఇదే పోట్లాట. ఒకేడు ఇది ఓడతాది, ఒకేడు అది. రెండూ బతికే ఉండాయి. మీ మడిలో అంతా ఒకటే విత్తు. రోగానికి ఒక దుబ్బు గుట్టు తెలిస్తే చాలు, అన్నీ తినేస్తాది."

"సరేలే. మచ్చ మొదట యాడ లేచింది?"

"మీ నారుమడి పక్కనున్న దుబ్బుల్లో. లోపలికి పోయేకొద్దీ తక్కువ. మీరు మండె కట్టింది అక్కడే గదా?"

ఆయన నారుమడి గట్టు వైపు తిరిగినాడు. నానిన వడ్లు మొలకెత్తాలని గడ్డి కప్పి మండె కట్టినాడు. పోయినేడు తెగులు తగిలిన పైరు గడ్డి, వామిలో గొడ్లు ఏరి వదిలేసింది, వృథా ఎందుకని అదే కప్పినాడు. మొలకొచ్చినాక ఆ గడ్డిని నారుమడి గట్టునే విసిరేసినాడు. పక్క పొలం పద్మనాభయ్య అడిగితే ఆయనకూ రెండు మోపులిచ్చినాడు.

పొద్దున్నే కొడవళ్లతో పదిమంది వచ్చినారు. చెంచురామయ్య వాళ్లకు అడ్డం నిలబడినాడు.

"మడుగులోకి గాదు. మా దొడ్లోకి రాండి."

గడ్డివామి ముందుకు తీసుకుపోయి, ఆ తెగులు గడ్డి సంగతీ, వామి కాలుస్తాననీ దాచకుండా చెప్పినాడు. భార్య ప్రమీలమ్మ గుండె బాదుకుంది. "వామి కాలిస్తే గొడ్లకేం పెడతావయ్యా, నీ తల పెడతావా?"

పద్మనాభయ్య కొడవలి దించలేదు. "మా మండె మీదా నీ గడ్డే గదా చెంచురామన్నా."

"అవును."

చెంచురామయ్య గీసిన మొదటి అగ్గిపుల్ల మంచుకు ఆరిపోయింది. రెండోదానికి వామి అంటుకుంది. ఎవరూ మడుగు వైపు పోలేదు. ఒక్కొక్కరే ఆయనకు వీపు తిప్పి ఇళ్లకు పోయినారు.