పేరు గీయని కుంపట్లు

పొద్దున్నే మట్టి తవ్వుకోవడానికి బయలుదేరే ముందు క్లోతిల్డ్ వాకిట్లో నిలబడి వీధంతా వినబడేలా కేక వేస్తుంది. "కుంపట్లు పట్టుకోండర్రా, వస్తున్నా!"

షువాజల్ ఊళ్ళో ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి కుంపటి మీది గిన్నెలు పట్టుకుంటారు. క్లోతిల్డ్ చేసిన కుంపటి ఆమె అలికిడి తగిలితే చాలు, గాలి కన్నాన్ని ఆమె వైపు తిప్పుకుని, ఆమె ఎటు నడిస్తే అటు తిరుగుతుంది. పట్టుకోకపోతే చేపల పులుసు నేలపాలే. "వెనక సందులోంచి పోరాదా అక్కా?" అని పొరుగింటి యూఫ్రసీ రోజూ సణుగుతుంది. అంతకు మించి ఎవరూ పట్టించుకోరు.

శంఖంలా మెలి తిరిగిన నడుముతో కుంపటి చేసింది మొట్టమొదట క్లోతిల్డే. అడుగున పేరు మాత్రం గీయలేదు. పచ్చి మట్టి మీద పేరు గీస్తే కాల్చేటప్పుడు పగులుతుందని ఆ ఊళ్ళో ఎవరూ గీయరు. గీసి చూసినవాళ్ళూ లేరు.

హోటళ్ళకు సామాన్లు వేసే లాంబర్ట్‌కి అదే కలిసొచ్చింది. లారీ పంపి డజను కుంపట్లు కొనిపించి, ఆ ఆకారం తన సృష్టేనని రాజధాని కాస్ట్రీస్‌లో రిజిస్టర్ చేయించుకున్నాడు. ఇకమీదట ఆ నమూనా చేస్తే కోర్టుకి ఈడుస్తానని క్లోతిల్డ్‌కి ఉత్తరం పంపాడు.

యూఫ్రసీ చదివి వినిపించి, "పోనీలే అక్కా, మామూలు గుండ్రటివి చేసుకో. పెద్దవాళ్ళతో మనకెందుకు?" అంది.

"నా చేతులు కూడా రాయించుకున్నాడా?" అంది క్లోతిల్డ్. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళు అత్తగారి నమూనాలే చేసి చేసి, చివరికి తనదంటూ ఒక్కటి చేసుకుంది. అతని రిజిస్ట్రేషన్ రద్దు చేయమని అర్జీ పెట్టించింది.

విచారణ రోజు మినీబస్సు ఆలస్యమైంది. కాస్ట్రీస్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కుతుంటే లాంబర్ట్ గొంతు పైనుంచి వినబడుతోంది. "ఒక్క కుంపటి మీదైనా ఆవిడ పేరుందా మేడమ్? చూపించమనండి."

అతను కొనిపించిన డజను కుంపట్లూ విచారణ కోసం లోపల బల్ల మీద పెట్టారని క్లోతిల్డ్‌కి తెలుసు. అలవాటు కొద్దీ కేకేసింది. "కుంపట్లు పట్టుకోండర్రా, వస్తున్నా!"

తలుపు తీసేసరికి అధికారిణి రెండు చేతులతో ఒక కుంపటిని గట్టిగా పట్టుకుని ఉంది. మిగతా పదకొండూ బరబరమంటూ తలుపు వైపు తిరిగాయి.

"షువాజల్‌లో మా అమ్మమ్మ వంటింట్లో అలవాటైంది," అంటూ ఆవిడ సిగ్గుగా చేతులు తీసేసింది. అదీ తిరిగింది.

"గాలికండీ," అన్నాడు లాంబర్ట్.

"కిటికీలు మూసే ఉన్నాయి. అమ్మా, మీరొకసారి బల్ల చుట్టూ తిరగండి."

క్లోతిల్డ్ తిరిగింది. పన్నెండూ ఆమెతోపాటే తిరిగాయి.

"ఇప్పుడు మీరు, లాంబర్ట్ గారూ."

లాంబర్ట్ రెండుసార్లు తిరిగాడు. రెండోసారి కాస్త గట్టిగా అడుగులేశాడు. కుంపట్లు మాత్రం క్లోతిల్డ్ వైపే చూస్తూ కూర్చున్నాయి.

అధికారిణి అతని రిజిస్ట్రేషన్ కొట్టేసి కొత్త ఫారం తీసింది. రూపొందించినవారు అన్నచోట సంతకం పెట్టమంది. క్లోతిల్డ్ చేతిలో కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత గట్టిగా ఒత్తి పూర్తి పేరు రాసింది. కాగితం పగల్లేదు.

మర్నాడు యూఫ్రసీ వద్దు వద్దంటున్నా వినకుండా, పచ్చి కుంపటి అడుగున అదే పేరు గీసింది.

"పగిలితే?" అంది యూఫ్రసీ.

"ఇంకోటి చేస్తా. చేసే హక్కు నాదే."