గీసింది గీసినట్టు

"వేలు తియ్యకు! అలాగే ఉంచు!" ప్రొఫెసరు గావుకేక పెట్టాడు.

మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. కానీ వేలు తియ్యలేదు. బల్ల మీద పసిబిడ్డల ఊపిరి లెక్కపెట్టే అరచేతంత ఆకుపచ్చ బోర్డు. వదులైన తీగ ఒకటి సర్దబోతే, అతని చూపుడువేలు బోర్డు మూలనున్న వెండిరంగు స్ఫటికానికి తగిలింది. తొమ్మిది రోజులుగా చచ్చినట్టు పడున్న తెర మీద పచ్చగీత లేచి నడిచింది. పక్కనే చిన్న మోటారుతో ఉబ్బుతూ తగ్గుతూ ఒక రబ్బరు తిత్తి ఉంది. పసిబిడ్డ ఊపిరికి బదులుగా పెట్టింది అది. తిత్తి ఉబ్బినప్పుడల్లా తెర మీద అంకె ఒకటి పెరుగుతోంది.

"ఇప్పుడు తియ్యి."

తీశాడు. గీత నాలుగడుగులు వేసి చతికిలబడింది.

"పెట్టు."

పెట్టాడు. లేచింది.

గోడ గడియారంలో పదకొండున్నర. ఈ పరిశోధనకి నిధులిచ్చే సంస్థ తరఫున ఇద్దరు మూడింటికి తనిఖీకి వస్తున్నారు. ప్రొఫెసరు చొక్కా చెమటకి వీపున అతుక్కుపోయి ఉంది.

"నీ వేలిలో ఏముందయ్యా మేస్త్రీ!" అని ఆయన నవ్వాడు. మేస్త్రీ ఈ ప్రయోగశాలలో బోర్డులకి టంకం వేయడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన తన మొహం చూసి నవ్వడం ఇదే మొదలు.

కంప్యూటరు ముందున్న పరిశోధక విద్యార్థిని నవ్వలేదు. బోర్డుకి సర్క్యూట్ బొమ్మ గీసింది ఆమే, దాన్ని నడిపే ప్రోగ్రాం రాసింది ఆమే. తొమ్మిది రోజులుగా ప్రోగ్రాంలో ఒక్కో వరుసా పేలు చూసినట్టు చూస్తోంది. కళ్ళ కింద నల్లచారలు పడ్డాయి.

"సార్, ఎందుకాగుతోందో తెలియకుండా చూపించడం..."

"ఎందుకో తర్వాత వెతుక్కోమ్మా. ముందు ఈ పూట గట్టెక్కనీ," అని ఆయన బల్లమీదకి గుడ్డ వెతకడానికి పోయాడు.

ఎందుకో మేస్త్రీకి తెలుసు.

బోర్డుకి లయ ఇచ్చే ఆ స్ఫటికం కాళ్ళ దగ్గర ఆవగింజంత కెపాసిటర్లు రెండుంటాయి. బొమ్మలో వాటి విలువ తక్కువ పడింది. ఆ లోటు వేలు తగిలితే పూడుతుంది, తీస్తే బయటపడుతుంది. రెండూ మార్చడానికి పది నిమిషాలు చాలు. కిందటేడు మొదటి బోర్డుకి అతను చేసింది ఆ పనే. "రెండు ముక్కలు మార్చానమ్మా," అని చెప్పాడు కూడా. ఆమె తెర మీంచి తల తిప్పకుండా "సరే బాబాయ్" అంది. ఆ గదిలో ఆచారం అది. గీసేవాళ్ళు గీస్తారు, అతికేవాడు అతుకుతాడు. అతికేవాడు దిద్దింది బొమ్మలోకి ఎక్కదు. బోర్డు నడిస్తే బొమ్మ గొప్పదన్నమాట.

ఆ బోర్డు మీద పరిశోధన పత్రం అచ్చయింది. మొదటి పేరు ఆమెది, చివరి పేరు ప్రొఫెసరుది. బహుమతి వచ్చింది. ఆమె విమానమెక్కి వెళ్ళి తెచ్చుకుంది. మేస్త్రీ ఒక కాపీ ఇంటికి పట్టుకుపోయాడు. అతని భార్య కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

"ఇందులో నీ పేరేదీ?"

"ఆఖర్న ఉంది చూడు."

"ఆఖర్న 'సాంకేతిక సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఉంది."

"అదే నేను."

ఆమె కంచం పెట్టాక గుమ్మంలోంచి పిలిచింది: "సాంకేతిక సిబ్బందిగారూ, లేవండి, అన్నం చల్లారిపోతోంది!"

పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ పిలుపు ఇంట్లో నెలరోజులు నిలిచింది.

బొమ్మ గీసిన ఆ అమ్మాయి కలవారి బిడ్డయితే అతనికింత మంట ఉండేది కాదు. వాళ్ళ రాత వేరు, అనుకుని ఊరుకునేవాడు. ఆమె తండ్రి లారీలకి పంక్చర్లు వేస్తాడు. ఆ సంగతి ఆమే చెప్పింది, మొదటివారంలోనే, టీ తాగుతూ. చెప్పి, "మీరు అచ్చం మా నాన్నలాగే కూచుంటారు, స్టూలు అంచున," అని నవ్వింది. అప్పుడు ముచ్చటేసింది. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. అదే రకం ఇల్లు, అదే రకం గ్రీజు వాసన. తను డిప్లొమా రెండో ఏడు మానేసి పనిలో చేరాడు. ఆమె మానెయ్యలేదు. ఆమెకి గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ వచ్చింది, తలుపు మీద పేరొచ్చింది. తనకి పదకొండు నెలలకోసారి కొత్త కాగితం మీద సంతకం. వచ్చే కాగితం వస్తుందో రాదో అని పన్నెండో నెలంతా ఇంట్లో కూచోవడం.

అందుకే ఈ రెండో బోర్డుకి బొమ్మ చేతికిచ్చినప్పుడు అతను ఒక్క మాటా అనలేదు. గీసింది గీసినట్టు అతికాడు. తప్పుతో సహా. తొమ్మిది రోజులూ ఆమె జుట్టు పీక్కోవడం ఓరకంట చూశాడు. ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు.

ప్రొఫెసరు నల్లగుడ్డ ఒకటి తెచ్చాడు. బల్ల మీద పరిచి బోర్డు అంచుదాకా లాగాడు. "నువ్వు వెనక స్టూలు మీద కూచో. చెయ్యి గుడ్డ కిందనుంచి రానీ. వాళ్ళకి బోర్డు కనిపించాలి, వేలు కనిపించకూడదు. అరగంట కదలకుండా ఉన్నావంటే, నీ పోస్టు పర్మనెంటు. నాదీ పూచీ."

పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూసిన మాట. "అలాగేనండీ," అన్నాడు మేస్త్రీ.

ఆయన బయటికెళ్ళాక ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"బాబాయ్, తప్పు నా ప్రోగ్రాంలోనే ఉంటుంది. వేలు తగిలితే ఏదో రీసెట్ అవుతున్నట్టుంది. ఇది పాడైతే నా డిగ్రీ ఇంకో ఏడాది ఆపేస్తారు. ఇప్పటికే ఆరేళ్ళు."

"ఆరేళ్ళేగా," అన్నాడు మేస్త్రీ.

ఆమె అర్థంకానట్టు చూసింది. మేస్త్రీకి మాట నాలుక చివరిదాకా వచ్చింది. రెండు ముక్కలు, పది నిమిషాలు. మింగేశాడు.

మూడింటికి వచ్చినవాళ్ళలో ఒకాయన లెక్కలు చూసే అధికారి. రెండో ఆవిడ పిల్లల డాక్టరు. జుట్టు నెరిసింది, కాళ్ళకి పాత చెప్పులు. పచ్చగీత నడుస్తోంది. అంకెలు పడుతున్నాయి. గుడ్డ కింద మేస్త్రీ చెయ్యి తిమ్మిరెక్కుతోంది.

"ఆయన బల్ల వెనక కూచున్నాడేం?" అని డాక్టరు అడిగింది.

"మా సిబ్బందండీ. తీగలు జారకుండా చూస్తాడు," అన్నాడు ప్రొఫెసరు. "మీరు సరేనంటే ఈ బొమ్మ ఇవాళే ఫ్యాక్టరీకి పంపుతాం. ఉన్నది ఉన్నట్టు. రెండు వందల బోర్డులు."

"త్వరగా పంపండి. మా వార్డులో పదహారు మంచాలు. నర్సులు ఇద్దరే. ఏ బిడ్డ ఊపిరి ఎప్పుడు ఆగిందో తెలిసేసరికి తెల్లారిపోతోంది. ఇదొస్తే కాస్త కన్ను మూస్తారు వాళ్ళు."

బొమ్మ ఇవాళే. ఉన్నది ఉన్నట్టు.

ఇప్పటిదాకా అతని లెక్కలో ముగ్గురే ఉన్నారు: తనూ, ఆ అమ్మాయీ, ప్రొఫెసరూ. రెండు వందల బోర్డులకి రెండు వందల వేళ్ళు ఎక్కడ దొరుకుతాయి? బిడ్డ పక్కన గీత ఆగితే నర్సు ఊపిరి ఆగిందనుకుంటుంది. పదిసార్లు పరిగెత్తి చూస్తుంది. పదకొండోసారి యంత్రం పాడైందనుకుని పడుకుంటుంది.

అతను వేలు తీశాడు.

గీత నాలుగడుగులు వేసింది. ఆగింది.

ప్రొఫెసరు ముందు గుడ్డవైపు చూశాడు. తర్వాత నవ్వు తెచ్చుకున్నాడు. "సాఫ్ట్‌వేర్‌లో చిన్న చిక్కండీ. ఈ అమ్మాయి రాసిందే. ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గా పరీక్షించదు."

ఆ అమ్మాయి తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. ఏడాదిగా మేస్త్రీ కోరుకున్న క్షణం ఇది. మనసులో ఎన్నోసార్లు చూసుకున్నాడు. వచ్చింది. బాగుంది కూడా, ఒక్క గుక్క నీళ్ళు తాగినంతసేపు.

ప్రొఫెసరు వంగి అతని చెవిలో అన్నాడు: "వేలు పెట్టు."

"పెట్టనండి."

"ఏంటీ?"

"పెట్టను." ఈసారి అందరికీ వినపడింది. "ఆ అమ్మాయి రాసినదాంట్లో తప్పు లేదు. తప్పు బొమ్మలో ఉంది. స్ఫటికం దగ్గర రెండు కెపాసిటర్లు చాలవు. ఈ బొమ్మ పంపితే రెండు వందలూ ఇలాగే ఆగుతాయి."

డాక్టరు కళ్ళజోడు తీసింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

మేస్త్రీ గుడ్డ కిందనుంచి చెయ్యి బయటికి లాక్కుని, ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో రుద్దుకున్నాడు.

ఆ అమ్మాయి తలెత్తింది. బోర్డుని చూసింది, ఆ చేతిని చూసింది. ఆమె మొహంలో తొమ్మిది రోజులూ ఒకదాని వెనక ఒకటి తిరిగాయి.

"మీకు ముందే తెలుసు," అంది. బాబాయ్ అనలేదు.

"తెలుసు," అన్నాడు మేస్త్రీ.

బల్ల మీద రబ్బరు తిత్తి ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది. దాన్ని ఎవరూ లెక్కపెట్టడం లేదు.