ఎర్ర చొక్కా వెక్టర్లు

ఆ ఇంట్లో మామగారూ లెక్కల మనిషే, కోడలూ లెక్కల మనిషే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఆ రెండు కత్తులూ మూడేళ్ళపాటు ముందు గదిలో పక్కపక్క బల్లల మీద కూర్చుని ఒకే పుస్తకం రాశాయి. కాలేజీ పిల్లల కోసం లెక్కల పాఠ్యపుస్తకం. సగం అధ్యాయాలు ఆయనవి, సగం ఆమెవి. ఆయన రిటైరైన మేష్టారు, ఆమె ఇంకా కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఇన్నాళ్ళలో వాళ్ళు లెక్క దగ్గర ఒక్కసారీ పోట్లాడుకోలేదు. పోట్లాడుకున్నదల్లా చొక్కా గురించి.

నవ్వకండి, చెబుతాను. లెక్కల పుస్తకం టైపు చెయ్యడమంటే ఉత్తరం టైపు చేసినట్టు కాదు. అక్షరం ముందు ఒక కమాండు రాయాలి, దాన్ని బట్టి కంప్యూటరు ఆ అక్షరాన్ని అచ్చులో ఎలా చూపించాలో అలా చూపిస్తుంది. వెక్టర్లను, అంటే పరిమాణంతోపాటు దిశ కూడా ఉండే రాశులను, లావు అక్షరాల్లో వెయ్యాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. అక్కడిదాకా బాగానే ఉంది.

"అయితే 'లావు' అని కమాండు రాసేస్తే సరి" అన్నారు మామగారు.

"వద్దు మామయ్యా. 'వెక్టరు' అని రాద్దాం. వెక్టరంటే లావుగా వెయ్యమని ఇద్దరికీ ఉమ్మడిగా ఉండే ఫైల్లో ఒక్కచోట చెబుదాం."

"నీ ముక్కేదీ అంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టుంది. ఎటు తిప్పినా లావుగానే పడుతుంది గదమ్మా!"

"ఇవాళ లావుగా పడుతుంది. రేపు ఇంకోలా వెయ్యాలంటేనో? పిల్లాణ్ణి పేరు పెట్టి పిలవాలి గానీ 'ఒరేయ్, ఎర్ర చొక్కా!' అంటే ఎలా? వాడు చొక్కా మార్చాక ఎవడు పలుకుతాడు?"

"నా దగ్గర చదివిన పిల్లలు ఎలా పిలిచినా పలికేవాళ్ళు" అన్నారాయన. "తల నెరిశాక నాకు పిలవడం నేర్పుతున్నావా?"

ఆ మాట తరవాత ఇద్దరూ ముఖాలు ముడుచుకున్నారు. ఉమ్మడి ఫైలైతే కోడలు తయారుచేసి ఆయనకు పంపింది. ఆయన దాన్ని వాడుతున్నదీ లేనిదీ చెప్పలేదు, ఆమె అడగలేదు. కొన్నాళ్ళకు ఆయన తన బల్లను గది మూలకు లాగించుకుని, గోడకు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయన తెర ఇంకెవరికీ కనిపించదు. ఎవరైనా అటు వెళ్తే చటుక్కున తెర ఆపేసేవారు. అబ్బో, ఇంత పంతమా అనుకుంది కోడలు. ఆయన పంపిన అధ్యాయాలను వచ్చినవి వచ్చినట్టు కలిపేసుకుంది తప్ప, వాటిలో ఏ కమాండు రాశారో తొంగి చూడలేదు. చూస్తే ఊరుకోవడం తన వల్ల కాదు, ఊరుకోకపోతే పాత గొడవ మళ్ళీ రాజుకుంటుంది. పైగా అచ్చులో రెండూ లావుగానే పడతాయి కదా!

ఇలా ఉండగా మామగారు ఒకరోజు కొక్కేనికి వేలాడుతున్న కోటును చూసి "రండి, కూర్చోండి" అన్నారు. అత్తగారు నెత్తి కొట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. రెండు కళ్ళలోనూ ముదిరిన పొరలు. ముందు కుడికన్నుకు ఆపరేషనన్నారు. ఆ రోజు పొద్దున్నే కొడుకు తల్లినీ తండ్రినీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పుస్తకం అప్పటికే ప్రెస్సుకు వెళ్ళిపోయింది. ఇంటి పని ముగించుకుని మధ్యాహ్నం తానూ వెళ్దామని కోడలు ఇంట్లో ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడు మోగింది ఫోను. ప్రెస్సు యజమాని. ఆయనకు అర్జెంటుగారని పేరు, ఏ మాటైనా ఆ మాటతోనే మొదలుపెడతాడు.

"అర్జెంటమ్మా! నమూనా కాగితాలు కాలేజీల కమిటీకి చూపించాను. మన పల్చటి కాగితం మీద లావు అక్షరానికీ మామూలు అక్షరానికీ తేడా తెలియడం లేదట. వెక్టర్ల మీద బాణం గుర్తు పెడితేనే పుస్తకం తీసుకుంటామంటున్నారు."

"అన్నిటి మీదా?"

"అన్నిటి మీదానమ్మా! సాయంత్రం అచ్చు ప్లేట్లు చెయ్యాలి. ఇవాళ దాటితే మిషను మీదికి బడి పుస్తకాలు ఎక్కుతాయి, అవి దిగేసరికి కాలేజీలు తెరిచేస్తారు. కమిటీవాళ్ళు ఇంకో పుస్తకం పెట్టేసుకుంటారు, ఇక మళ్ళీ మన మొహం చూడరు. పెద్దాయనకు చూపు ఆనుతున్నట్టు లేదు, ఇంకొకర్ని పెట్టుకుందామని నేను మొదట్లోనే అన్నాను. నా మాట వింటేగా!"

"మధ్యాహ్నానికి పంపిస్తాను" అని ఫోను పెట్టేసింది కోడలు.

తన అధ్యాయాల గురించి బెంగ లేదు. ఉమ్మడి ఫైల్లో ఒక్క వాక్యం మారిస్తే చాలు. ఆయన సంగతే! 'లావు' అని రాసి ఉంటే వందల వెక్టర్లను ఒక్కొక్కటే వెతికి మార్చాలి. లావన్నదల్లా ఒక్కసారిగా మార్చేద్దామంటే శీర్షికలూ లావే, ముఖ్యమైన మాటలూ లావే. వాటన్నిటి నెత్తిన కూడా బాణాలు మొలుస్తాయి. అడుగుదామంటే ఆయన ఆపరేషను బల్ల మీద ఉన్నారు.

ఆయన పేరు ఇంతవరకూ ఏ పుస్తకం అట్ట మీదా పడలేదు. నమూనా అట్ట వచ్చినరోజు దాన్ని కంటికి ఆనించుకుని తన పేరును వేలితో తడుముకోవడం ఆమె కళ్ళారా చూసింది. ఈ పుస్తకం ఆగిపోతే ఆయనకు ఇంకోటి రాసే ఓపిక లేదు. తన పంతం, ఆయన పంతం కలిసి ఆ పేరును మింగేస్తాయా అని ఆమెకు ఏడుపొచ్చింది. ఆనాడే మెత్తగా చెప్పి ఉంటే ఏం పోయేది?

ముక్కు చీదుకుని, ఉమ్మడి ఫైలు తెరిచింది. వెక్టరంటే 'లావు' అన్నచోట 'పైన బాణం' అని మార్చింది. పుస్తకాన్నంతా మళ్ళీ తయారుచెయ్యమని కంప్యూటరుకు చెప్పి, కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి పుస్తకం సిద్ధంగా ఉంది.

ముందు మామగారి మొదటి అధ్యాయం తీసింది. బాణం. దాని కింద ఇంకో బాణం. పేజీ తిప్పితే అంతటా బాణాలే. రెండో అధ్యాయం, మూడోది, చివరికి అభ్యాసాల్లోనూ ఒక్కటంటే ఒక్క వెక్టరు బోడితలతో లేదు.

"హమ్మయ్య! బతికించావు మామయ్యా!" అని ఖాళీ గదిలో గట్టిగా అరిచేసింది. ఆ మూల బల్లకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం కూడా పెట్టింది.

ఆ సంబరంలోనే తన అధ్యాయాలూ ఓసారి తిరగేసింది. మొదటిది బాగుంది. రెండోదీ, మూడోదీ బాగున్నాయి. నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ఒక్క బాణమూ లేదు! నియమం పెట్టుకోకముందే రాసిన అధ్యాయమది. 'లావు, లావు' అని తన చేత్తో తనే రాసుకుంది, తరవాత మార్చడం మరిచిపోయింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని. సిగ్గుతో చచ్చినంత పనైనా, చిన్న అధ్యాయం కాబట్టి సరిపోయింది. తిండి మానేసి కూర్చుని ఒక్కొక్కటే మార్చింది. అర్జెంటుగారు మళ్ళీ ఫోను చేసేసరికి పుస్తకం ఆయనకు చేరిపోయింది.

ఆసుపత్రికి పరుగెత్తేసరికి మామగారు కుడికంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నారు. అత్తగారు ఎదురొచ్చి "బాగా జరిగిందటమ్మాయ్, చూపుకేం భయం లేదన్నారు" అంది. కోడలు ఆవిడను గట్టిగా పట్టేసుకుంది.

బాణాల కథంతా చెప్పింది, నాలుగో అధ్యాయం సంగతి మాత్రం మింగేసింది. మామగారు విని తలూపారు.

"మరి నీ నాలుగో అధ్యాయం ఏం చేశావు?"

కోడలు నోరు తెరిచింది. "మీకెలా తెలుసు?"

అత్తగారు మూతి విరిచింది. "చెప్పండి, ఇంకా దాపరికం దేనికి? కంట్లో పొర తీసేశారుగా!"

మామగారు కట్టు మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా అన్నారు. "మనం పోట్లాడుకున్నాక కొన్నాళ్ళపాటు నేను 'లావు' అనే రాశానమ్మా. తరవాత తెర మీద ఏది లావో, ఏది సన్నమో నాకే తెలియడం మానేసింది. రాసింది నేనే, చదువుకోలేను. అప్పుడు నువ్వన్న చొక్కా గుర్తొచ్చింది. నీకు పంపకముందే కూర్చుని అన్నిటినీ 'వెక్టరు' అని మార్చాను. నువ్విచ్చిన ఫైల్లో, నా కంప్యూటరు వరకూ, వెక్టరంటే ఎర్రగా ఇంతేసి అక్షరమని రాసుకున్నాను. వాటన్నిటికీ ఎర్ర చొక్కాలు తొడిగానన్నమాట. ఆ చొక్కాలు చూసుకునే పుస్తకం పూర్తిచేశాను."

"అందుకా గోడకు వీపు పెట్టింది?"

"మరి? తెర నువ్వు చూస్తే తెలిసిపోదూ? అర్జెంటుగారి చెవిన పడితే నా పేరు తీయించేస్తాడని భయం. చూడమని నువ్వు పంపిన నీ అధ్యాయాలన్నీ నా తెర మీద ఎర్రగా కనిపించేవి, నాలుగోది తప్ప. చెబుదామని నోటిదాకా వచ్చేది. చెబితే ఎలా కనిపెట్టారంటావు. అందుకే నోరు మూసుకున్నాను. నా వల్ల పుస్తకం ఆగిపోయేదేమో, క్షమించమ్మా."

"మీరా క్షమించమనేది?" అని కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. "మీరు పంతానికి దూరం జరిగారని ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకున్నాను మామయ్యా." నవ్వబోయింది గానీ కన్నీళ్ళే ముందొచ్చాయి. అత్తగారు ఇద్దరినీ చూసి, "లెక్కలు రాని దాన్ని, నేనే నయం" అని చెంగుతో తన కళ్ళు కూడా తుడుచుకుంది.

మర్నాడు కట్టు విప్పారు. ఇంటికి రాగానే కోడలు ప్రెస్సు నుంచి వచ్చిన మొదటి అచ్చు కాగితాన్ని ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని కంటికి ఆనించుకోలేదు. చేయి చాపి, దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ పేజీ చివరిదాకా చదివారు. తరవాత లేచి, తన బల్లకు ఒకవైపు తాను చెయ్యి వేశారు.

"ఆ చివర పట్టుకోమ్మా, దీన్ని మళ్ళీ నీ పక్కకు లాగేద్దాం. ఆ ఎర్ర చొక్కాలు కూడా విప్పెయ్యి, ఇక నాకు అవసరం లేదు."