గుమ్మం మీద బల్బు

రోజూ గుమ్మం మీద బల్బు వెలగగానే అమ్మ లేచి టీ నీళ్లు పెట్టేది. స్విచ్చు ఎవరూ వెయ్యక్కర్లేదు. ఇంటి మనిషి ఎక్కడున్నా సరే, ఇంటికని బయల్దేరితే వెలిగేది, గుమ్మం దాటి లోపలికొస్తే ఆరిపోయేది. పోయిన నాన్న స్వయంగా వేసిన వైరింగు మరి, ఆ మాత్రం తెలియదా! వదిన మొదటిసారి వచ్చింది పరదాలు కుట్టించుకోడానికి. అప్పటికి అన్నతో పెళ్లి మాటే లేదు, అయినా వెలిగింది. "నన్నొక్క మాట అడిగిందా?" అని వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

వచ్చిన చిక్కల్లా టైలరమ్మకే. ఆ ఇంటి ఆడపిల్ల, ముందు గదిలో మోటారు మిషన్ మీద కుడుతుంది. ముప్పై అయిదు దాటాక ఆమె పెళ్లి ఊసు ఎవరూ ఎత్తట్లేదు. ఆమే పోనిద్దూ అనుకుంది. అయినా బల్బు వెలిగినప్పుడల్లా ఆశగా తలెత్తి చూసేది. ఈమధ్య మిషన్ ముట్టుకుంటే షాకు, ఇస్త్రీపెట్టె పెడితే కాలిన వాసన.

ఎలక్ట్రీషియన్ని పిలిచారు. ఒంటిగాడు, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. స్విచ్‌బోర్డు విప్పి వైరు కాస్త వంచేసరికి పైతొడుగంతా పొడిపొడిగా రాలింది.

"అక్కడక్కడా అతుకులేస్తే పోదా బాబూ?" అంది అమ్మ.

"ఉన్నవన్నీ అతుకులేనండీ. ఎర్తు కూడా లేదు. మొత్తం మార్చాల్సిందే."

"మరి ఆ బల్బు?"

అతను తల గోక్కున్నాడు. "కొత్త వైర్లకి అదంతా తెలియదండీ. ఆ ఒక్క లైనూ ఉంచుదామంటే, కాలుతున్నది అదే. ఆలోచించుకోండి."

వెళ్తూ వెళ్తూ తన సంచిలోంచి రబ్బరు పట్టా తీసి టైలరమ్మ కాళ్ల కింద పరిచాడు. "అందాకా దీని మీద కాళ్లు పెట్టుకుని కుట్టండి." ఆమె పట్టా మీద కాళ్లు సర్దుకుంది. ఎన్నాళ్లయిందో తన గురించి ఒకరు ఇలా ఆలోచించి!

ఆదివారం ఇంట్లో పెద్ద రభస.

"ఇల్లే తగలబడితే ఇంక ఎవరొస్తారమ్మా ఇక్కడికి?" అన్నాడు అన్న.

"అది ఆరిపోతే మీ నాన్న మళ్లీ పోయినట్టేరా," అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పోనీలే అన్నయ్యా, మోటారు తీసేసి కాలితోనే తొక్కుకుంటాను," అంది టైలరమ్మ. అలా తొక్కితే రోజుకి సగం పని కూడా తెమలదని ఆమెకీ తెలుసు.

అంతలో బల్బు వెలిగింది. అలవాటు కొద్దీ అమ్మ లేచి టీ నీళ్లు పెట్టి వచ్చింది. వచ్చాక అందరి మొహాలూ చూసింది. అందరూ ఇంట్లోనే ఉన్నారు.

"దీనికీ చాదస్తం పట్టుకుంది," అన్నాడు అన్న. వదిన మాత్రం ఆడపడుచునే చూస్తోంది.

కాసేపటికి గేటు చప్పుడైంది. ఎలక్ట్రీషియన్. చేతిలో సంచి లేదు.

"ఏమనుకున్నారో కనుక్కుందామని..." నసిగాడు. "అమ్మాయిగారికి మళ్లీ షాకేమన్నా కొట్టిందేమోనని..."

గుమ్మం దాటి లోపల అడుగు పెట్టాడు. బల్బు ఆరిపోయింది.

వదిన కిసుక్కున నవ్వింది. టైలరమ్మ తలొంచుకుని, ఎప్పుడో దారం ఎక్కించిన సూదికే మళ్లీ దారం ఎక్కించబోయింది. అమ్మ ఆరిన బల్బుని చాలాసేపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మొత్తం మార్చెయ్యి బాబూ. రావాల్సినవాళ్లు అందరూ వచ్చేశారు," అంది. "కూర్చో, టీ మరుగుతోంది."